వార్తయు పద్దును

(మన గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



సెల్‌ఫోను వచ్చిన పిదప పత్రికలును వార్తలును ఎట్లు మారినవో చెప్పుమని కార్యదర్శిగారు నన్నాదేశించినారు. నేను పత్రికారచయితను గాను. కంప్యూటరు శాస్త్రము చదివినవాడను గాను. మా తండ్రిగారు కరణము. 1984లో ఆ పదవులు రద్దయిన పిదప మా యింట మిగిలినవి పాత దఫ్తరమును, భారత భాగవతములును. దఫ్తరమును చూచి లెక్క వ్రాయుట నేర్చుకొంటిని. నేడును సహకార సంఘమున చిట్టా ఆవర్జాలు వ్రాయుచున్నాను. భారతమును గురువు లేకయే చదువుకొంటిని. కావున ఈ విషయమును లెక్కలవాని కంటితోనే చూడగలను. తమరు మన్నింపవలెను.

ఈ గ్రంథాలయము తలుపు తెరచిన తొలినాళ్లలో పత్రికల కట్ట ఆదోని నుండి మొదటి బస్సులో వచ్చెడిది. బస్సు ఆలస్యమైన దినమున లోకమే ఆలస్యము. ఒకరు బిగ్గరగా చదువుచుండ పదిమంది వినెడివారు. పత్తి ధరయు బుడ్డల ధరయు ముందు, రాజకీయములు తరువాత. విలేఖరి తన వార్తను కాగితముపై వ్రాసి ఎమ్మిగనూరులో బస్సున కందించి కర్నూలునకు పంపెడివాడు. ఇప్పుడు సంఘటన జరుగుచుండగనే ఫోనులో చిత్రించి పంపుచున్నాడు. అతనికంటె ముందు, అచ్చట నిలిచియున్న పశుల కాపరి పంపుచున్నాడు. 2016లో జియో వచ్చి ఇంటర్నెట్టును చవుక చేసినది మొదలు, ఫోను చేతనున్న ప్రతివాడును విలేఖరియే, సంపాదకుడే, ఇంటింట పంచువాడే. మరునాడు పత్రిక వచ్చునప్పటికి వార్త చద్దియై యున్నది.

దీనివలన మేలు లేదనువాడు మన పడమటి మండలములను ఎరుగడు. ఏటేట ఇచ్చటి పనులు ముగియగానే కుటుంబములకు కుటుంబములు గుంటూరు మిరపచేలకును, బెంగుళూరు కట్టడపు పనులకును వలసపోవుచున్నవి. వారికి ఊరి వార్తను ఏ పత్రిక చేరవేసినది? నేడు ఇచ్చట వాన పడిన రాత్రియే అచ్చట తెలియుచున్నది. అక్షరము రాని తల్లి తన గొంతునే పట్టి పంపుచున్నది. పత్రిక మన భాషను దిద్ది అచ్చువేసెడిది. ఫోనులో కన్నడమును ఉర్దూయు కలిసిన మన ఆదోని మాట ఉన్నదున్నట్లు వినబడుచున్నది. నాకది ముచ్చటయే.

నా ఆక్షేపణ వేరు. పద్దునకు తేది యుండవలెను. ఇచ్చినవాడెవరో, పుచ్చుకొన్నవాడెవరో యుండవలెను. అడిగినచో చూపుటకు రసీదు ఉండవలెను. ఇవి లేని అంకె ఎంత పెద్దదైనను లెక్కలోనికి రాదు. ఫోనులో చేతులు మారి వచ్చు వార్తకు ఈ మూడింటిలో ఒక్కటియు ఉండదు.

మా యెరుకలోని రైతొకడు తన ఫోనునకు వచ్చిన పత్తిధర చీటీ ఫొటోను చూచి, లారీ బాడుగకు మాటలాడుకొని, ఆదోని యార్డునకు పోయెను. అచ్చట ఆ ధర లేదు. విచారింపగా అది గడచిన యేటి చీటీ. తేదియున్న పైభాగమును ఎవరో కత్తిరించినారు. అందులోని ధర అబద్ధము గాదు; తేది పోయిన నిజము. ఆ లారీ బాడుగను ఎవరి ఖాతాలో వ్రాయవలెనో నాకు నేటికిని తోచలేదు.

ద్రోణపర్వమును చదివినవారికి ఇది క్రొత్త గాదు. అశ్వత్థామ చచ్చెనని భీముడు అరచినప్పుడు ద్రోణుడు నమ్మలేదు, ధర్మరాజు నడిగెను. ఎవరి నడుగవలెనో ఆ వృద్ధునకు తెలియును. అయినను ఏనుగు అను మాట చెవిని బడలేదు; ప్రాణము పోయినది. 2016లో పాకిస్తానులోని కరాచీలో, పిల్లల నెత్తుకొనిపోవువారి విషయమున తల్లిదండ్రులను హెచ్చరించుటకై ఒక సంస్థ చిన్న చిత్రమును తీయించెను. బైకుపై వచ్చినవారు బిడ్డను ఎత్తుకొనిపోయి, మరల తెచ్చి విడిచి, హెచ్చరిక పలకను చూపుదురు. 2018లో మన దేశమున ఎవరో ఆ కడపటి భాగమును కోసివేసి మిగిలినదానిని పంచిరి. ఏనుగును తీసివేసి అశ్వత్థామను మిగిల్చిరి. పిల్లల దొంగలు తిరుగుచున్నారను వదంతి ఊరూర రగిలినది. ఆ యేట జులై 1వ తేదీన మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడలో, సంతకు వచ్చిన ఐదుగురు నిరపరాధులను జనము కొట్టి చంపిరి.

అదే కాలమున మన తుంగభద్రకు ఆవలి యొడ్డున, గద్వాల జిల్లాలో, పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరి చేసిన పని నాకు మెచ్చుగా నున్నది. ఆమె పోలీసులను ఊరూరికి పంపి, జానపద గాయకుల చేతను డప్పు చేతను ఆ వదంతి అబద్ధమని చెప్పించెను. ఫోను తెచ్చిన మంటను డప్పు ఆర్పినది. ఎందుచేత? డప్పు కొట్టువాడు మన యెదుట నిలుచును. అతని నడుగవచ్చును, మరునాడు నిలదీయవచ్చును. వాట్సాపువారు కూడ ఆ యేట మన దేశములో ఒక సందేశమును ఒకసారి ఐదు చోట్లకు మించి పంపరాదని కట్టడి చేసిరి. 2020లో, పలు చేతులు మారినదానిని ఒక్క చోటికే పంపవచ్చుననిరి. వేగము తగ్గినది. పంపినవాని పేరు మాత్రము రాలేదు.

పత్రిక యడుగున సన్నని అక్షరములతో ముద్రాపకుని పేరు, ప్రచురణకర్త పేరు, ఊరు అచ్చువేయుదురు. 1867 నాటి చట్టము ఆ పేళ్లను నిర్బంధము చేసినది; 2024 మార్చిలో దాని స్థానమున క్రొత్త చట్టము అమలునకు వచ్చినది. ఆ పంక్తిని చదువువారు అరుదు. మన కర్నూలులో 1883లో జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు 1908లో బెజవాడ స్వరాజ్య పత్రికకు సంపాదకులు. అందలి వ్రాతకుగాను మూడేండ్లు కఠినశిక్ష ననుభవించిరి. తరువాత గ్రంథాలయోద్యమమునకు పెద్దదిక్కైనవారును ఆయనయే. వ్రాతకు పూచీపడుట యనగా నాకు గుర్తుకు వచ్చునది ఆ చెరసాల.

అట్లని ప్రతి సందేశమునకును పేరు కట్టుటయు నాకు సమ్మతము గాదు. సందేశమును తొలుత పుట్టించినవానిని చూపవలెనని 2021లో కేంద్రము నిబంధన చేయగా, వాట్సాపువారు ఢిల్లీ హైకోర్టున కెక్కిరి. బలవంతుని తప్పును ఫొటో తీసిన కూలివాని పేరు అందరికిని తెలిసినచో వాని గతి యేమి? వానికి మరుగు కావలెను. వదంతికి మరుగు కూడదు. ఈ రెంటిని వేరుచేయు యంత్రమును ఎవరును కనిపెట్టలేదు. కనుక ఆ పని మన యూరిలో మనమే చేసికొనవలెను.

2024 ఆగస్టు 10 రాత్రిని జ్ఞప్తికి తెచ్చుకొనుడు. తుంగభద్ర ఆనకట్ట 33 గేట్లలో 19వది, గొలుసు తెగి, కొట్టుకొనిపోయినది. కౌతాళము, కోసిగి, మంత్రాలయము, నందవరము మండలములవారు జాగ్రత్తగా నుండవలెనని అధికారులు హెచ్చరించిరి. ఫోనుండబట్టియే ఆ హెచ్చరిక యేటియొడ్డు పల్లెలకు తక్షణము చేరినది. ఈ మేలును నేను కాదనను. కాని దాని వెన్నంటియే ఆనకట్ట యంతయు తెగినదని ఒక గొంతు నా ఫోనునకు వచ్చినది. పేరు లేదు, ఊరు లేదు. 2009 అక్టోబరులో కర్నూలును మంత్రాలయమును ముంచిన వరదను చూచిన ముసలివారు మూటలు కట్టుకొనిరి. ఏది అధికారుల మాట, ఏది గాలిమాట అని అడుగుటకు ఆ రాత్రి ఊరిలో ఒక్క చోటు లేదు. గ్రంథాలయమునకు తాళము వేసియున్నది. గేటు స్థానమున ఇనుప పలకలు దింపి నీటి నాపుటకు వారము పట్టినది. అన్ని దినములును అదే గందరగోళము.

కావున కార్యవర్గమువారికి ఒక మనవి. ఈ పఠనమందిరమున ఒక పుస్తకము ఉంచుదము. ఊరిని కలవరపెట్టు సందేశము ఎవరికి వచ్చినను ఇచ్చటికి వచ్చి వ్రాయవలెను: వచ్చిన తేది, గంట, ఎవరి నుండి వచ్చినది. వ్రాయుటకు జంకువాని పేరు అడుగరాదు. పత్రికలు చూచియో, తహశీల్దారు కచ్చేరికి గాని మార్కెట్ యార్డునకు గాని ఫోను చేసియో విచారించినవారు మాత్రము ఎదుటి గడిలో తమ పేరు వ్రాసి సంతకము చేయవలెను. తేలని సంగతి యెదుట తేలలేదనియే వ్రాయవలెను. ఆపద రాత్రులందు తాళపుచెవి ఎవరి యింట నుండునో తలుపుపై అంటింపవలెను. సాయంకాలము ఒక గంట నేను కూర్చుందును. కన్నడమును ఉర్దూయు చదువగల యువకులు ఇద్దరు తోడైనచో పని సాగును. రూళ్లు గీయించి పుస్తకమును తెచ్చితిని. అధ్యక్షులవారి యెదుట బల్లపై నున్నది.