అడ్మిషన్ రిజిస్టరులో పుట్టినతేదీ



ఈరోజు పట్టా అందుకుని, ఈ హవేలిఘనపూర్ డైట్ (ఉపాధ్యాయ శిక్షణ సంస్థ) నుంచి ఉపాధ్యాయులుగా మీరు ఏ బడికి వెళ్లినా అడ్మిషన్ రిజిస్టరు మీ చేతికొస్తుంది. తిరగేసి చూడండి, సగం తరగతి జూన్‌లోనే పుట్టి ఉంటుంది! "ఎప్పుడు పుట్టింది?" అంటే "పెద్దవాన పడ్డప్పుడు సారూ" అంటుంది తల్లి. సారు లెక్క సరిపెట్టి ఓ తేదీ వేసేస్తారు. మనకిది నవ్వులాట. మనుషుల అక్రమ రవాణా కేసు కోర్టుకెక్కినప్పుడు మాత్రం ఆ తేదీ మీదే వాదన నడుస్తుంది.

మోసగించో, బెదిరించో మనిషిని దోపిడీ కోసం తరలించడం నేరమని 2000లో ఐక్యరాజ్యసమితి పలెర్మో ప్రోటోకాల్ నిర్వచించింది. మన దేశం 2011లో దాన్ని ధ్రువీకరించింది. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల విషయంలో మోసమో బెదిరింపో జరిగిందని చూపనక్కర్లేదు. "ఇష్టపడే వచ్చింది" అంటే చెల్లదు. మరి నిండలేదని తేల్చేదెలా? 2015 నాటి బాలల న్యాయ చట్టం 94వ సెక్షన్ మొదట అడిగేది బడి ఇచ్చిన పుట్టినతేదీ పత్రం, లేదా పదో తరగతి సర్టిఫికెట్. ఎముకల పరీక్ష ఆఖరి మార్గం.

గల్ఫ్‌కు మనుషులను పంపే ఏజెంట్లకూ కాగితం మీది తేదీ విలువ తెలుసు. గల్ఫ్‌కు ఇంటిపనికి వెళ్లే ఆడవారికి ముప్పై ఏళ్లు నిండాలన్న నిబంధన ఉంది కనుక, వయసు పెంచి పాస్‌పోర్టు తీయిస్తారు. లేదంటే విజిట్ వీసా మీద విమానం ఎక్కిస్తారు.

కాగితాలు ఎలా ఉన్నా, ఒక్కరు ఆగి అడిగితే చాలు. 1991లో హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్తున్న విమానంలో పదీ పదకొండేళ్ల పాతబస్తీ పిల్ల, ముసలి సౌదీ షేక్ పక్కన కూర్చుని ఏడుస్తోంది. ఎయిర్‌హోస్టెస్ ఒకామె ఆగి, ఎందుకని అడిగింది. ఆ పిల్ల బయటపడింది. అంతకుముందు ఎంతమంది చూసీ అడగలేదో!

చదువుకుంటే చిక్కరనుకోకండి. డేటా ఎంట్రీ కొలువని కంబోడియా తీసుకెళ్లి, మన కుర్రాళ్లచేత సైబర్ మోసాలు చేయించిన ముఠాను 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టారు.

ఏటా జనవరిలో పోలీసుల ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ నడుస్తాయి. మంచిదే. కానీ అవి తప్పిపోయిన పిల్లలను వెతుకుతాయి. పోకముందు చూసేది మీరు. చేర్చుకునేటప్పుడు టీకా కార్డు తెప్పించి తేదీ వేయండి. బోనఫైడ్ సర్టిఫికెట్‌లో పుట్టిన ఏడాది మార్చమని ఎవరొచ్చినా సంతకం పెట్టకండి. వారంపాటు రాని పిల్ల ఇంటికి వెళ్లండి. "మేనత్త ఇంటికి పోయింది" అంటే ఏ ఊరు, ఎవరు తోలుకపోయారు అని అడగండి. జవాబు తడబడితే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. దానికి హెడ్మాస్టరు అనుమతి అక్కర్లేదు.