రాతిరాతికి ఒక అంకె

పిల్లలను హనుమకొండ వేయిస్తంభాల గుడికి తీసికొనిపోయి, 1163లో రుద్రదేవుడు కట్టించెనని చెప్పి ఊరకుందుము. కట్టడమునకు కథ అంతటితో ముగిసినదని వారనుకొందురు. అక్కడి కల్యాణమండపమును చూపుడు. శిథిలమగుచుండగా 2006లో దానిని ఊడదీసి, రాతిరాతికి అంకె వేసి, పునాది బలపరచి, మరల పేర్చి 2024 మార్చిలో తెరచిరి. పదునెనిమిదేండ్లు! పదేండ్ల బాలునికి అది తన వయస్సుకు దాదాపు రెండింతలు.

"కొత్తరాళ్లు పెట్టినా పాత మండపమేనా?" అని వాడడుగును. తొందరపడి సమాధానము చెప్పకుడు. ఏది కొత్తరాయో వానినే వెదకనిండు. రంగును, చెక్కడపు పదునును పోల్చుకొననిండు. ఆ భేదమును కప్పిపుచ్చకుండుటయే మంచి మరమ్మతని నా అభిప్రాయము.

ఇల్లు పాతదైనచో, వాడు ఇంటికి వచ్చి గోడమీది సున్నపు పొరలు గీకి లెక్కింపవచ్చును. కోపపడకుడు.