అరువు యాస: రీటా మొరెనో నటజీవితము

యాస అనునది ఎవరికైనను పుట్టిపెరిగిన చోట సహజముగ అబ్బునది. కాని హాలీవుడ్ స్టూడియోలు ఒక నటికి తనది కాని యాసను తగిలించి, ఏండ్ల తరబడి దానితోనే మాట్లాడించినవి. ఆమె పేరు రీటా మొరెనో. నాటకము, సినిమా, టెలివిజను మూడింటను కీర్తి గడించిన ఈమె కథలో, పొందిన బహుమతులకన్న ఆలోచింపదగిన విషయము మరొకటి ఉన్నది.

ఆమె 1931 డిసెంబరు 11వ తేదీన ప్యూర్టోరికో ద్వీపములో జన్మించినది. పెట్టిన పేరు రోసా డోలొరెస్ అల్వెరీయో. ఆ ద్వీపము 1898 నుండి అమెరికా ఏలుబడిలో ఉన్నది. 1917లో అక్కడివారికి అమెరికా పౌరసత్వము లభించినది. కనుక 1936లో తల్లి చేయి పట్టుకొని న్యూయార్కులో అడుగుపెట్టిన ఆ పసిపిల్ల చట్టము దృష్టిలో పరదేశి కాదు. వీధిలోని భాషకు మాత్రము పరాయిదే. తల్లి కుట్టుపని చేసి ఇల్లు గడిపినది. పిల్ల నృత్యము నేర్చినది. పదకొండేండ్ల వయస్సున అమెరికను చిత్రముల స్పానిష్ ప్రతులకు గొంతు ఇచ్చినది. 1945లో, పదమూడేండ్లకే, బ్రాడ్వే రంగస్థలమెక్కినది. అప్పటికి ఇంగ్లీషు ఆమెకు సొంత భాషయే అయినది.

అయినను హాలీవుడ్‌కు కావలసినది ఆ ఇంగ్లీషు కాదు. 1952లో వచ్చిన ‘సింగింగ్ ఇన్ ది రెయిన్’లో ఒక చిన్న అమెరికను పాత్ర దొరకినను, తరువాత ఎక్కువగా లభించినవి ఇతర జాతుల యువతుల వేషములే. 1956 నాటి ‘ది కింగ్ అండ్ ఐ’లో సయాము రాజునకు కానుకగా వచ్చిన బర్మా యువతి, ఇతర చిత్రములలో రెడ్ ఇండియను పిల్ల, మెక్సికను పిల్ల. వారు నిజముగా ఎట్లు మాట్లాడుదురో ఎవరును చెప్పలేదు. తానే ఒక యాసను కల్పించుకొని అందరికిని దానినే వాడితినని ఆమె అనంతరము చెప్పినది.

1961లో ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ వచ్చినది. అందులో ఆమెది తన ద్వీపపు స్త్రీ అయిన అనీటా పాత్ర. అక్కడను ప్యూర్టోరికో పాత్రధారులందరి ముఖములకు ఒకే ముదురు రంగు పూసినారు. మావారు నానావిధముల చాయలవారని ఆమె చెప్పినను వినలేదు. ఆ పాత్రకు 1962లో ఆస్కారు బహుమతి లభించినది.

అటుపిమ్మట జరిగినదే ముఖ్యము. మరల వచ్చినవి వీధిముఠాల కథలే, అంతకన్న చిన్న పాత్రలే. ఆమె వలదన్నది. చాల ఏండ్లు హాలీవుడ్ చిత్రములకు దూరమై నాటకములలో నటించినది. పేరు వచ్చిన వెంటనే పని వదలుకొనుట నటికి ఎంత నష్టమో చెప్పనక్కరలేదు.

ఆ గొంతుకు కొత్త పని 1971లో టెలివిజనులో దొరకినది. ‘ది ఎలక్ట్రిక్ కంపెనీ’ పిల్లలకు చదువు నేర్పు కార్యక్రమము. ‘హే యూ గైస్’ అని ఆమె వేసిన కేక ఇంటింట మారుమ్రోగినది. దాని గ్రామఫోను రికార్డుకు గ్రామీ బహుమతి వచ్చినది. 1975లో ‘ది రిట్జ్’ నాటకమునకు టోనీ బహుమతి. అందులో వింత యాసతో మాట్లాడు గాయని పాత్ర ధరించి, తనకు తగిలించిన యాసనే హాస్యమునకు సాధనము చేసికొన్నది. 1977లో ‘ది మపెట్ షో’కు ఎమ్మీ బహుమతి. 2017 నుండి 2020 వరకు ‘వన్ డే ఎట్ ఎ టైమ్’లో క్యూబా నుండి వచ్చిన అమ్మమ్మగా నటించినది. ఆ అమ్మమ్మ మాటలోను యాస ఉన్నది. కాని ఆ యాస వెనుక ఒక దేశము, ఒక వియోగము, ఒక కుటుంబము ఉన్నవి.

2021లో ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ని మరల తీసినప్పుడు, పాత కథలోని దుకాణదారుని స్థానమున అతని భార్యయైన వాలెంటీనా అను పాత్రను ఆమెకొరకు సృష్టించినారు. ఈసారి ప్యూర్టోరికో పాత్రలను లాటిన్ అమెరికా సంతతివారే ధరించినారు. కొత్త అనీటాకును, 2022లో, ఆస్కారు లభించినది.

ఒక బహుమతి మాత్రముననే ఈ మార్పు వచ్చినదని అనరాదు. అట్లయిన 1962లోనే రావలసినది. అందుకు ఆరు దశాబ్దములు పట్టినది. ఆ కాలములో, తగని పాత్రను తిరస్కరించుటయు నటనలో భాగమేనని రీటా మొరెనో నిరూపించినది.