నారా జింకలు, బోధిసేనుడి కుంచె

ఒసాకాలో మిత్రులెవరైనా ఉంటే శని, ఆదివారాలు చాలు. క్యోటో, నారా రెండూ చూసి రావచ్చు. క్యోటోకి రైల్లో అరగంట. 794 నుంచి వెయ్యేళ్ళకు పైగా రాజధానిగా వెలిగిన ఊరది. ఫుషిమి ఇనారి కొండ మీద వేల ఎర్ర తోరణాల కింద తీరిగ్గా నడవాలంటే తెల్లారకముందే బయల్దేరాలి, పొద్దెక్కితే తిరనాళ్ళే.

నా ఓటు మాత్రం నారాకే. అక్కడి తోదాయిజీ ఆలయంలో దాదాపు 15 మీటర్ల కంచు బుద్ధుడు కూర్చుని ఉంటాడు. 752లో ఆ విగ్రహానికి కళ్ళు దిద్దినవాడు మన దేశం నుంచి వెళ్ళిన బోధిసేనుడనే భిక్షువు. ఆయన పట్టిన కుంచెకు పొడవాటి తాడు కట్టి, కిందనున్నవాళ్ళు దాన్ని పట్టుకున్నారట, పుణ్యంలో తమకూ పాలు దక్కాలని! ఆ కుంచె ఇప్పటికీ షోసోయిన్ ఖజానాలో భద్రంగా ఉంది. ఆలయంలో ఒక స్తంభానికి అడుగున బుద్ధుడి ముక్కుపుటమంత కన్నం ఉంది. పిల్లలు ఇటు దూరి అటు తేలడం ఆనవాయితీ. బొజ్జ ఉన్నవాళ్ళు సాహసించకపోవడం మేలు.

బయట జింకలు వెయ్యికి పైనే. బిస్కట్టు చూపిస్తే తలవంచి దణ్ణం పెడతాయి. ఆలస్యం చేస్తే చొక్కా పట్టి లాగుతాయి. బిస్కట్లు అయిపోగానే రెండు అరచేతులూ చాపి చూపించండి, వాటి దారిన అవి పోతాయి.