మంచుకొండ నీడన పొగ



కొండ ప్రాంతమంటే మంచి గాలికి పెట్టింది పేరని మనమందరం అనుకుంటాం. ఒంట్లో నలతగా ఉంటే, "నాలుగు రోజులు ఏ కొండమీది ఊరికైనా వెళ్ళి రా, గాలి మారితే అదే సర్దుకుంటుంది" అని పెద్దవాళ్ళు చెప్పడం కద్దు. ఆ మాట నిజమే. కాని కొండమీది గాలి వేరు, కొండల నడుమ లోయలోని గాలి వేరు. ఈ తేడా తెలియాలంటే ఫ్రాన్సు దేశంలోని పస్సీ అనే చిన్న ఊరి సంగతి వినాలి.

ఆల్ప్స్ పర్వతాల్లో ఆర్వ్ అనే నది లోయలో, 4800 మీటర్ల పైచిలుకు ఎత్తున్న మోబ్లా శిఖరానికి ఎదురుగా ఉంది ఈ ఊరు. ఊరికి పైన కొండవాలులో, సుమారు 1000 మీటర్ల ఎత్తున ఒక మెట్ట ఉంది. 1920, 30 ప్రాంతాల్లో అక్కడ క్షయ రోగుల కోసం వరసగా శానిటోరియంలు కట్టారు. క్షయకు సరైన మందు లేని రోజులవి. ఎండ, శుభ్రమైన గాలి, విశ్రాంతి, ఇవే వైద్యం. రేడియం కనిపెట్టిన మేడమ్ క్యూరీ 1934 జూలై 4న కన్నుమూసింది అక్కడి శానిటోరియంలోనే.

అంత మంచి గాలి ఉన్న మెట్టకు దిగువనే ఉన్న లోయ, చలికాలంలో ఫ్రాన్సులో గాలి బాగా చెడిపోయే చోట్లలో ఒకటిగా పేరుపడింది. చిత్రంగా లేదూ?

ఎందుకలా జరుగుతుందో చూడండి. వేడిగాలి తేలిక, పైకి పోతుంది. చల్లగాలి బరువు, కిందికి దిగుతుంది. చలికాలపు రాత్రి మంచు కప్పిన నేల గడ్డకట్టినట్టు చల్లబడుతుంది. దాన్ని ఆనుకున్న గాలీ చల్లబడి, గిన్నెలో నీళ్ళలాగా లోయ అడుగున నిలిచిపోతుంది. దానికి పైన కాస్త వెచ్చని గాలి మూత పెట్టినట్టు కూర్చుంటుంది. ఇక కింది పొగ పైకి వెళ్ళే దారేదీ? సూర్యుడు కొండలు దాటి వచ్చేసరికే పొద్దెక్కుతుంది. వచ్చిన ఎండను కూడా తెల్లని మంచు తిప్పికొడుతుంది. అందుకని ఆ మూత ఒక్కోసారి రోజుల తరబడి తెరుచుకోదు. మెట్టమీద ఉన్నవాళ్ళు నీలాకాశం చూస్తూ ఉంటే, దిగువ వాళ్ళు పొగలో దగ్గుతూ ఉంటారు. వేసవిలో నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది గనుక పొగ తేలిపోతుంది. కాకపోతే అప్పుడు మండుటెండకు బండ్ల పొగ ఓజోన్‌గా మారి గొంతు మండిస్తుంది. ఏ కాలానికి ఆ బాధ!

మనకూ ఇది బొత్తిగా కొత్త కాదు. భోగి నాటి తెల్లవారుజామున మంటల పొగ పైకి లేవకుండా ఊరిమీద దుప్పటిలా పరుచుకోవడం చూస్తూనే ఉంటాం గదా! మనకు ఎండ ముదరగానే విడిపోతుంది, అంతే తేడా.

మరి ఆ పొగ ఎక్కడిది? ఊళ్ళో వాళ్ళ వేలు ముందు లారీల వైపే వెళ్ళింది. 1965లో మోబ్లా కింద ఇటలీకి సొరంగ మార్గం తెరిచాక, ఆ లోయగుండా లారీల రాకపోకలు పెరిగాయి. 1999లో సొరంగంలో ఘోర అగ్నిప్రమాదం జరిగి 39 మంది చనిపోయారు. మూడేళ్ళ తర్వాత లారీలు మళ్ళీ వస్తుంటే స్థానికులు అడ్డుపడి నిరసన తెలిపారు. వాళ్ళ కోపంలో న్యాయముంది. కర్మాగారాల పొగా ఉంది. కాని చలికాలపు సన్నని నుసిలో పెద్ద వాటా ఇళ్ళలోని కట్టెల పొయ్యిలదేనని పరీక్షల్లో తేలింది. ఈ నుసిలో బాగా సన్ననిది మన వెంట్రుక మందంలో ముప్ఫయ్యో వంతు కూడా ఉండదు. ఊపిరితిత్తుల లోతుకు, అక్కడినుంచి రక్తంలోకి చేరుతుంది. ఆ లోయలో ఏడాదికి 85 మరణాలు ఈ నుసివల్లనేనని ఫ్రాన్సు ప్రజారోగ్య సంస్థ 2017లో లెక్క కట్టింది.

తాతలనాటి చలిమంట తప్పని చెబితే ఏ ఇల్లాలు ఒప్పుకుంటుంది? కట్టె చవక, పైగా అడవి పక్కనే. అందుకని ఊరికే కోప్పడితే లాభం లేదని, 2013 నుంచి పాత పొయ్యి తీసేసి మంచిది పెట్టుకునేవారికి డబ్బు సాయం మొదలుపెట్టారు. ఆ తర్వాత, 2022 జనవరి నుంచి ఆ లోయలో తలుపు లేని చలిమంట గూళ్ళు వాడరాదని నిషేధించారు. కట్టెలు ఏడాదిన్నర, రెండేళ్ళు ఎండబెట్టి వాడమని, మంట కిందినుంచి కాక పైనుంచి అంటించమని నేర్పారు. అలా చేస్తే పొగ బాగా తగ్గుతుంది. గాలి క్రమంగా మెరుగుపడుతూ వచ్చింది.

మనకు మంచుకొండలు లేకపోవచ్చు. చలికాలపు పొద్దు మనకీ ఉంది. ఎండుటాకులు, చెత్త పోగేసి తెల్లవారుజామున వీధి మొగలో అంటించవద్దు. ఇంట్లో ఉబ్బసంవారు, ముసలివారు ఉంటే వారి షికారు ఎండ వచ్చాక పెట్టండి. మన ఇంటి పొగ గడప దాటితే మనది కాకుండా పోదు. పక్కింటి పసివాడి ఊపిరిలో చేరుతుంది. ఈ చిన్నమాట మీ ఇరుగుపొరుగు వారికి కూడా చెబుతారు కదూ?