ఫ్యూజు చోట పెట్టిన తీగ
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

బయట వేపచెట్టు కింద నిలబెట్టిన పాత లారీని మీరంతా చూసే వచ్చారు. పొద్దున ఒక పిల్లోడు, "సార్, ఇది స్టార్టవుతుందా?" అని అడిగాడు. అవుతుంది. లైట్లు కూడా వెలుగుతాయి. ఆ లైట్లు వెలిగించడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల సంగతి, దాంతోపాటు దాదాపు నలభై ఏళ్లుగా చెప్పకుండా దాచుకున్న ఇంకో సంగతి ఈరోజు చెప్తాను.

బండి అశోక్ లేలాండ్ కామెట్. మద్రాసు దగ్గర ఎన్నూరులో 1948లో అశోక్ మోటార్స్ పేరుతో మొదలై, 1955లో అశోక్ లేలాండ్‌గా మారిన కంపెనీది. ఒకప్పుడు మన రోడ్ల మీద ఎటు చూసినా ఇదే కనిపించేది. కుప్పంలో ఒక గ్రానైటు యార్డు వెనకాల కంపచెట్ల మధ్య దొరికింది. ఇంకో లారీకి కట్టి వి.కోట, పలమనేరు మీదుగా పుంగనూరుకు, ఇక్కడినుంచి మదనపల్లెకు లాక్కుపోయాము. ఇంజను పని పది రోజుల్లో తేలిపోయింది. అసలు పని వైరింగు.

నేను ముప్పై ఏళ్లుగా విద్యుత్ పనుల్లోనే ఉన్న ఇంజనీరును. లారీ వైరింగు ఏపాటిదిలే అనుకున్నాను. పాత తీగలన్నీ కోసి పారేసి కొత్తవి లాగేద్దామన్నాను. మదనపల్లెలో నాతోపాటు పనిచేసిన ఎలక్ట్రీషియన్ భాయ్ నా చేతిలో కట్టర్ పట్టుకున్నాడు. "వద్దు సార్. మ్యాపును చించేసి ఊరికి దారి ఎట్ల కనుక్కుంటారు?" అన్నాడు.

ఆయన చెప్పినట్టే చేశాము. ప్రతి తీగకూ రెండు చివర్లా నంబరు చీటీ కట్టాము. కట్ట మొత్తం ఊడదీసి, షెడ్డులో నేలమీద బండి ఆకారంలోనే పరిచాము. దాని పక్కనే కొత్త కట్ట అల్లాము. పాత తీగల రంగులు మట్టికీ ఎండకూ పోయినాయి. టేపు విప్పితే మాత్రం లోపల రంగు అట్లే ఉంది. బ్రిటిష్ పద్ధతి రంగులవి: బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది గోధుమరంగు, హెడ్‌లైట్లది నీలం, వెనక లైట్లది ఎరుపు, ఎర్తు నలుపు. టేపు తీసేకొద్దీ ఎవరెవరో వేసిన జాయింట్లు బయటపడ్డాయి. కొన్నింటికి శుభ్రంగా టంకం పెట్టి ఉంది. కొన్ని ఊరికే మెలితిప్పి వదిలేసినవి. వాటి లోపల రాగి పచ్చగా చిలుము పట్టిపోయింది.

ఇక్కడ నా చదువుకు ఒక దెబ్బ తగిలింది. వెనక లైటు హోల్డరు దగ్గర మల్టీమీటరు పెడితే 24 వోల్టులు చూపిస్తోంది. బల్బు పెడితే వెలగడం లేదు. బల్బు మార్చాను, హోల్డరు మార్చాను, అయినా అంతే. భాయ్ మీటరు పక్కన పెట్టమని, రెండు తీగల మధ్య బల్బు కట్టిన తన టెస్ట్ లాంపు తీశాడు. దాంతో బ్యాటరీ నుంచి వరసగా ఒక్కో జాయింటూ చూసుకుంటూ పోయాడు. ఒకచోటి వరకు బల్బు బాగా వెలిగింది, ఆ జాయింటు దాటగానే ఆరిపోయింది. విప్పితే లోపల చిలుము పట్టిన ఒక్క పోగు పేరుకు మాత్రం తగులుతోంది. మీటరు లాగే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ కాబట్టి ఆ ఒక్క పోగు మీదుగానే వోల్టేజీ పూర్తిగా కనబడింది. బల్బు దాదాపు ఒక ఆంపియరు అడిగేసరికి ఆ పోగు ఇవ్వలేకపోయింది. "మీటరు ఊరికే పలకరిస్తుంది సార్. బల్బు పని చెప్తుంది" అన్నాడు భాయ్. సూత్రం నాకు తెలిసిందే. షెడ్డులో గుర్తొచ్చింది మాత్రం ఆయనకు.

ఎర్తు సంగతీ అంతే. బ్రేకు తొక్కితే వెనక లైటు మసకబారుతోందంటే ముందు చూడాల్సింది ఛాసిస్‌కు ఎర్తు బిగించిన బోల్టు. దాని కింద తుప్పు, రంగు గీకేసి ఇనుము తళతళలాడేలా చేసి బిగించాలి. హెడ్‌లైట్లు మందగించినా బల్బును తిట్టే ముందు జాయింట్లు చూడండి. వోల్టేజీ 10 శాతం తగ్గితే పాతకాలం ఫిలమెంటు బల్బు వెలుగు సుమారు 30 శాతం పడిపోతుంది.

చివరగా ఫ్యూజు పెట్టె దగ్గరికి వచ్చాము. మూత తీశాను. ఒక ఫ్యూజు చోట సిగరెట్ ప్యాకెట్ వెండికాగితం చుట్టి ఉంది. ఇంకోదాని చోట లావుపాటి రాగి తీగ. దాన్ని చూసి నాకు చేతులాడలేదు.

ఇది మా నాయన నడిపిన బండి కాదు, ఆ కాలపు మోడలు అంతే. మా నాయన జీతానికి నడిపే డ్రైవరు. మదనపల్లెలో టమోటా ఎత్తుకుని పుంగనూరు మీదుగా మద్రాసుకు పోయేవాడు. 1986లో నేను పదో తరగతి. ఒక సాయంత్రం బండి మా వీధిలో ఆపి, "వెనక లైట్ల ఫ్యూజు ఊరికూరికే పోతాండాది, చూడరా" అన్నాడు. ఫ్యూజు పోతోందంటే ఎక్కడో తీగ ఒరుసుకుని ఛాసిస్‌కు తగులుతోందని అర్థం. దాన్ని వెతకలేదు నేను. బోరు మోటారు వైండింగు తీగ ముక్క ఒకటి ఆ ఫ్యూజు చోట చుట్టేశాను. లైట్లు వెలిగాయి. "మా వోడు ఇంజనీరు అయితాడు" అని నాయన మురిసిపోయినాడు.

ఆ ఫ్యూజు పది ఆంపియర్లది. ఒక మిల్లీమీటరు మందం రాగి తీగ కరగాలంటే దాదాపు 80 ఆంపియర్లు కావాలి. అంటే ఆ తీగ కరిగేలోపు వైరింగంతా కాలుతుంది. కాలింది. మొగిలి ఘాటు దిగుతుంటే డ్యాష్‌బోర్డు కింద పొగ లేచి, లైట్లన్నీ ఒక్కసారి ఆరిపోయినాయి. ఆ చీకట్లో నాయన బండిని కొండవైపు ఒరిపించి ఆపి, బ్యాటరీ తీగ ఊడబీకి, మట్టి చల్లి మంట ఆర్పినాడు. ఆయనకూ క్లీనరుకూ దెబ్బలు తగల్లేదు, అది మా అదృష్టం. సరుకు ఒకరోజు ఆలస్యంగా చేరి సగం పాడైంది. యజమాని నాయనను పనిలోనుంచి తీసేశాడు. "వైరింగు పాతబడి పోయింది" అని తప్ప నాయన ఇంకేమీ చెప్పలేదట.

ఇంటికొచ్చి నన్ను ఒక్క మాట అనలేదు. మరుసటి రోజు నా జామెట్రీ బాక్సు తెరిస్తే నల్లబడిన ఆ తీగ ముక్క అందులో ఉంది.

ఆ నెలలోనే మా సైన్సు మాస్టారు క్లాసులో, "ఫ్యూజు ఎందుకు?" అని అడిగారు. నేను లేచి గడగడా చెప్పాను. శభాష్ అన్నారు. ఆ మాస్టారు ఈరోజు ముందు వరసలో కూర్చున్నారు. మాస్టారూ, ఆరోజు ఆ శభాష్‌కు నేను తగను. జవాబు తెలిసీ పని చెడగొట్టాను. తర్వాత నోరు మూసుకున్నాను. నాయన ఏడాదిపాటు కూలి పనికి పోయినాడు. ఆయన పోయి పన్నెండేళ్లయింది. నేనే చేశానని ఆయన నోటితో అడగలేదు, నా నోటితో నేను చెప్పలేదు. ఈ బండిని బాగుచేయాలని ఎందుకు పట్టుబట్టానో నా స్నేహితులకు ఇప్పుడు అర్థమై ఉంటుంది.

పిల్లలూ, మీకు చెప్పేది రెండే మాటలు. ఫ్యూజు మళ్లీ మళ్లీ పోతోందంటే అది మీకు ఏదో చెప్తోంది. ఆ వరసలోని బల్బులన్నీ తీసేసి, ఫ్యూజు చోట ఒక బల్బు కట్టండి. షార్టు ఉన్నంతసేపూ ఆ బల్బు వెలుగుతుంది. తీగలను ఒక్కోచోటే కదిలిస్తూ పోండి. ఎక్కడ కదిలిస్తే బల్బు ఆరుతుందో తప్పు అక్కడుంది. ఆ సాయంత్రం నాకు అరగంట పట్టే పని ఇది. రెండో మాట, మీ చేతిలో ఏదైనా చెడిపోతే ఆరోజే చెప్పండి. తిడతారు, తిట్టనీండి.

ఈ లారీని బడికి ఇచ్చేస్తున్నాము. నెలకొకసారి మదనపల్లె నుంచి వచ్చి పిల్లలకు వైరింగు నేర్పిస్తానని భాయ్ మాటిచ్చాడు. పాత వైరింగు కట్ట నంబరు చీటీలతో సహా ల్యాబులో గోడకు బిగించాము. దాని పక్కన చిన్న గాజు డబ్బాలో నల్లటి రాగి తీగ ముక్క ఒకటి ఉంటుంది. అది ఈ బండిది కాదు. నా జామెట్రీ బాక్సులోది.