తాతల నాటి తుపాకి – సేకరణకు ముందు తెలియవలసినవి
(మామిడికుదురులో సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాణేలు, తపాలా బిళ్ళలు సేకరించేవారు మనలో ఉన్నారు. పాత తుపాకుల మీద మక్కువ గలవారూ ఉన్నారు. అయితే నకిలీ నాణెం కొంటే పోయేది డబ్బే. కాగితాలు లేని తుపాకి కొంటే కోర్టు చుట్టూ తిరగవలసి వస్తుంది. కనుక కొనడానికి ముందు చూడడం నేర్చుకోవాలి.

అందుకు మంచి చోటు హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియం. 1951లో ప్రారంభమైన ఆ మ్యూజియంలో ఆయుధాల విభాగం ఉంది. మండే వత్తితో పేలేది పాతకాలపుది. చెకుముకి రాయితో నిప్పు రాల్చేది తరువాతిది. చిన్న రాగి టోపీపై సుత్తి పడి పేలేది ఆ పిమ్మటిది. బ్రిటిషు సైన్యం 1840 ప్రాంతంలో దానికి మారింది. ఈ తేడాలు కంటికి అలవాటైతే మోసపోము.

తయారీదారు గుర్తు, మార్చని అసలు భాగాలు, ఎవరి చేతి నుండి వచ్చిందో చెప్పే కాగితం – విలువ వీటిని బట్టే. మెరుపు కోసం తోమితే కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్లే.

ఇక చట్టం. నూరేళ్ళు దాటితే లైసెన్సు అక్కరలేదనుకోవడం పొరపాటు. 1959 ఆయుధ చట్టం 45వ సెక్షను మినహాయింపు, మరమ్మతు చేసినా పేలనివాటికే. పేలుతుందో లేదో తేల్చవలసింది అధికారులు, మనం కాదు. 2019 సవరణ తరువాత లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకుంటే రెండు నుండి ఐదేళ్ళ జైలు. లైసెన్సు ఉన్నవారికైనా సాధారణంగా రెండే తుపాకులు. 1972 పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన వస్తువును అమెరికాలోని అబ్బాయికి పంపడం కుదరదు.

తండ్రిగారి లైసెన్సు పొలంలా వారసత్వంగా రాదు. ఆయన గతించాక తుపాకిని ఆలస్యం చేయక పోలీసు స్టేషనులో గాని, లైసెన్సు గల డీలరు వద్ద గాని అప్పగించి, కావాలంటే మన పేర దరఖాస్తు పెట్టుకోవాలి.

అటక మీద కాగితాల్లేని తుపాకి కనబడితే ముట్టుకోవద్దు, పేల్చి చూడవద్దు. ఎన్నేళ్ళ క్రితమో దట్టించిన మందు గొట్టంలో ఉండవచ్చు. వకీలును సంప్రదించి స్టేషనుకు వ్రాతపూర్వకంగా తెలపండి, రసీదు భద్రపరచండి.

ఇంట్లో అలాంటి వస్తువు ఉన్న సంగతి, దాని కాగితాలు ఉన్న చోటు పిల్లలకు ఈ రోజే చెప్పండి. మన తరువాత జవాబు చెప్పుకోవలసింది వారే.